మొత్తం మార్చెయ్యాలి మేడం

మా కంచికచర్ల నుంచి నందిగామకి 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్ళాలి. కీసర దగ్గర మున్నేరు దాటాలి. 2023 జూలైలో ఐతవరం దగ్గర ఆ మున్నేరే రోడ్డెక్కి హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆపేసింది. మామూలు రోజుల్లో హైవే నున్నగానే ఉంటుంది. కారు నడుం విరిగేది హైవే దిగాకే. పరిటాల చుట్టుపక్కల క్వారీల నుంచి కంకర మోసే టిప్పర్లు తిరిగే రోడ్లు ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు. కాలేజీలో పాఠం చెప్పి రోజూ ఈ దారినే ఇంటికొచ్చే నా పాత కారు, ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమనడం మొదలుపెట్టింది.

ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. కారు నా పేరు మీద ఉంది. నడిపేది నేను. చిన్న గతుకుల్లో చప్పుడొస్తోంది, పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద రావట్లేదు అని చెప్పిందీ నేనే. ఆయన అంతా విన్నాడు. "సస్పెన్షన్ మొత్తం మార్చెయ్యాలి మేడం. 22 వేల దాకా అవుద్ది. సార్‌కి ఫోన్ కలపండి, నేను మాట్లాడతా" అన్నాడు. సార్ లేరన్నాను. "అయితే మీ తమ్ముడు గారికి" అన్నాడు. మా తమ్ముడికి కారు నడపడమే రాదు.

కారు వెనక్కి తెచ్చేసి, దాని రిపేరు పుస్తకం సంపాదించి చదివాను. సస్పెన్షన్ బ్రహ్మవిద్యేమీ కాదు. గతుకుని స్ప్రింగు మింగుతుంది. ఆ స్ప్రింగు ఊగుతూనే ఉండిపోకుండా షాక్ అబ్జార్బరు ఆపుతుంది. చక్రాన్ని బండికి కలిపే చోట రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు ఉంటాయి. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా రెండు వైపులనూ కలుపుతూ ఒక కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ చివరని షాక్ అబ్జార్బరుండే స్ట్రట్‌కి కలిపే చిన్న ముక్క లింక్ రాడ్. దాని కొసన ఉండే గుండు అరిగితే చిన్న గతుకులకే టకటకమంటుంది. సరిగ్గా నేను చెప్పిన చప్పుడే.

కారు ముందు మూలని బలంగా కిందికి నొక్కి వదిలాను. ఒక్కసారి లేచి నిలబడిపోయింది. షాక్ పోయి ఉంటే ఊగుతూ ఉండేది. ఆయిలు కారిన మరకా లేదు. రెండు లింక్ రాడ్లూ కలిపి 1,400 రూపాయలు పెట్టి విజయవాడ ఆటోనగర్లో కొన్నాను.

హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టాను. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చెయ్యాలి. జాకీ బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తాక కింద స్టాండ్లు పెట్టాల్సిందే. ముందు చక్రాలు రెండూ ఎత్తితే కడ్డీ మెలిక పడదు, పని తేలిక. చేత్తో పట్టి ఆడిస్తే ఎడమ లింక్ రాడ్ లొడలొడలాడింది. తుప్పు పట్టిన నట్టుకి ముందు రాత్రే ఆయిలు కొట్టి ఉంచాను. నట్టుతో పాటు బోల్టూ తిరుగుతుంది కాబట్టి దాన్ని ఎలన్ కీతో పట్టుకుని, పానాతో నట్టు విప్పాలి. ఒక పూట పట్టింది. చప్పుడు పోయింది.

ఎదురింటి బాబాయి గారు గోడ మీంచి చూసి, "ఎందుకమ్మా నీకీ మురికి పని?" అన్నారు. ఆ పొద్దున్నే వాళ్ళింటి మోరీలో చెయ్యి పెట్టి చెత్త తీసింది పిన్నిగారే. దాన్ని ఆయన మురికి పని అనలేదు. చేతిలో పానా ఉంటేనే ఆడవాళ్ళకి మురికి అంటుతుంది కాబోలు.

"మొత్తం మార్చెయ్యాలి" అన్న మాట నా చెవుల్లో ఉండిపోవడానికి కారణం వేరే ఉంది. మా అక్కకి 33 ఏళ్ళప్పుడు తెల్లబట్ట, నడుంనొప్పి. డాక్టరు వరండాలో బావగారితో మాట్లాడాడు. "పిల్లలు పుట్టేశారుగా, మొత్తం తీసేస్తే పీడ పోతుంది." గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని అక్కకి ఏడేళ్ళ తర్వాత, ఎముకల డాక్టరు దగ్గర తెలిసింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి లేదు. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకు. ఇందులో ఎంతమందికి ఏ భాగం చెడిందో విడమరిచి చెప్పారు? ఎంతమంది మొగుళ్ళకి వరండాలో చెప్పారు? కారు ముక్క అయితే ఆటోనగర్లో దొరుకుతుంది. అక్క ఎముకల్లో అరిగిపోయింది ఎక్కడ దొరుకుతుంది?

ఒక లింక్ రాడ్ మార్చి సాధికారత సాధించానని నేననుకోవడం లేదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్లో భర్తతో కలిసి షాపు నడుపుతూ లారీ టైర్లు విప్పి బిగించే యడలపల్లి ఆదిలక్ష్మి గురించి 2021లో పత్రికలు రాశాయి. ఆమెకది బతుకుతెరువు. నాకు నెల జీతముంది, కారుంది, సెలవు పూటుంది. ఆ తేడా మర్చిపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

అన్నీ ఇంట్లోనే చేసుకోమనీ చెప్పను. స్ట్రట్ పైన నట్టు జోలికి నేను పోను. అక్కడ స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే పనిముట్టు బిగించకుండా ఆ నట్టు విప్పితే ప్రాణమే పోవచ్చు. ఆ పనికి షెడ్డుకే వెళ్తాను. అయితే ఏ ముక్క పోయిందో చూపించమంటాను. విప్పిన పాత ముక్క నా చేతిలో పెట్టమంటాను. ఇప్పుడు తమ్ముడికి ఫోన్ కలపమని ఎవరూ అడగడం లేదు.

అక్క ఆపరేషన్ కాగితాల కోసం ఈమధ్య ఇల్లంతా వెతికాం. ఆ ఆసుపత్రి మూతబడి చాలాకాలమైంది. కాగితాలు ఎక్కడ పెట్టారో బావగారికి గుర్తు లేదు.