దారం కొలత

మా సనత్‌నగర్‌లో ఒకప్పుడు విమానాశ్రయమంటే దూరం కాదు, చప్పుడు. బేగంపేటలో దిగే విమానం మా డాబా మీదుగా పోతుంటే మాట్లాడే మాట సగంలో ఆపి, అది దాటిపోయాక మిగతా సగం పూర్తి చేసేవాళ్ళం. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకు తరలిపోయాయి. అప్పట్నుంచి మా మాటలకు అడ్డు లేదు గాని, గుమ్మంలో ఉన్న ఎయిర్‌పోర్టు కాస్తా ముప్ఫై కిలోమీటర్ల అవతలికి జరిగింది.

మా అమ్మాయి కాపురం శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌లో. "అక్కడికీ మనకీ ఎంత దూరమండీ?" అని ఓనాడు మా ఆవిడ అడిగింది. అమ్మాయి చదువుకునే రోజుల నాటి గ్లోబు అటక మీంచి దింపి, ఆవిడ పూలు కట్టుకునే దారం తెమ్మన్నాను. రెండు ఊళ్ళ మీదా వేళ్ళు పెట్టి దారం బిగించి చూద్దునుగదా, అది తూర్పుకీ పోలేదు, పడమరకీ పోలేదు. ఉత్తరానికెక్కి హిమాలయాలు, టిబెట్, మంగోలియా, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం అంచు తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. భూమి గుండ్రంగా ఉంటుందని బళ్ళో రాసి మార్కులు తెచ్చుకున్నానే గాని, నమ్మింది మాత్రం ఆ రోజే. లెక్క కడితే సుమారు 13,500 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పదిహేను గంటలు.

"అంతేనా! మా నర్సాపురం రైలుకన్నా నాలుగైదు గంటలేగా ఎక్కువ" అని తేల్చేసింది.

కాని దారం దారి వేరు, టిక్కెట్టు దారి వేరు. టిక్కెట్టు మనల్ని ముందు పడమరగా దుబాయి తీసుకుపోతుంది, నాలుగు గంటలు. అక్కడ పడిగాపులు. ఆపైన ఇంకా 13,000 కిలోమీటర్లు, పదహారు గంటలు! అంటే నాలుగు గంటలు ప్రయాణం చేశాక కూడా ఊరు పెద్దగా దగ్గరకు రాలేదన్నమాట. గడప నుంచి గడపకు ఒక రోజు పైమాటే. పైగా అక్కడి గడియారం ఎండాకాలం పన్నెండున్నర, చలికాలం పదమూడున్నర గంటలు మనకు వెనక. వెళ్ళేటప్పుడు కలిసొచ్చిన కాలాన్ని వచ్చేటప్పుడు అణాపైసలతో కట్టాల్సిందే.

ఈ లెక్కలన్నీ సరదాగానే ఉండేవి, మాఘమాసంలో మా అమ్మ పోయేదాకా. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి పోయింది. అమ్మాయికి కబురందేసరికి అక్కడింకా సోమవారం మధ్యాహ్నం. నాయనమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల, కట్టుబట్టలతో ఆ సాయంత్రం విమానమే ఎక్కేసింది.

"ఎన్ని గంటలాగాలిరా?" అన్నాడు బాబాయి.

"ఇప్పుడు ధ్రువం దగ్గర్లో ఎక్కడో ఉండి ఉంటుంది బాబాయ్" అన్నాను. అందరూ నాకేసి అదోలా చూశారు. చీకటి పడేలోగా కానివ్వాలన్నారు పెద్దలు. కానిచ్చాం.

బుధవారం పొద్దున్న దిగింది. ఏడవలేదు. నాయనమ్మ మంచం ఎక్కడ పెట్టారని అడిగి, పెరట్లోకి వెళ్ళి, పట్టె మీద చెయ్యేసుకుని కూర్చుంది. "నేను దుబాయిలో దిగేసరికే అయిపోయిందా నాన్నా?" అంది.

"నువ్వింకా ఆకాశంలోనే ఉన్నావమ్మా."

పదకొండో రోజు వెళ్ళాక అది తిరుగు ప్రయాణమైంది. శంషాబాదులో దింపి వచ్చేసరికి మా ఆవిడ గ్లోబు మీద దుమ్ము తుడుస్తోంది.

"ఏమండీ, నా వంతు వచ్చినప్పుడు మాత్రం ఎవరేమన్నా సరే, ఐసుపెట్టె తెప్పించండి. దాని స్కూలు బస్సు రాకుండా నేనేనాడైనా గేటు దగ్గర్నుంచి లోపలికొచ్చానా?" అంది.