పిన్నింట్లో మూడు ముసురు రోజులు

ఆషాఢంలో కొత్త కోడళ్లు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. పెళ్లయి పన్నెండేళ్లయిన పాత కోడలు పిన్నింటికి బయల్దేరితే మాత్రం అందరికీ వింతే! 'ఈ వానల్లో వైజాగ్ ఏంటి? బీచ్‌లో దిగలేరు, అరకు వెళ్తే మబ్బు తప్ప ఏమీ కనపడదు. సంక్రాంతికి వెళ్లకపోయారా' అన్నారు ఆఫీసులో. మావారు మాత్రం 'గొడుగు మర్చిపోకు' అన్నారు. తాను రావడం లేదని చెప్పడానికి అంతకంటే మర్యాదైన మాట దొరకలేదు పాపం!

ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి కాలం ఎంచుకునే వీలెక్కడిది? శని, ఆదివారాలకి బోనాల సోమవారం కలిసొచ్చింది. మా అమ్మాయికి స్కూలు లేదు. శుక్రవారం సాయంత్రం తల్లీకూతుళ్లం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం.

బ్యాగులో బట్టలతో పాటు ఓ రాయబారం కూడా ఉంది. పిన్ని కొడుకు, అంటే మా తమ్ముడు, అమెరికాలో ఉంటాడు. వారం ముందు ఫోన్ చేశాడు. 'అక్కా, ఇల్లు బిల్డరుకిచ్చేసి నాన్నని, అమ్మని ఇక్కడికొచ్చి ఉండమను. రెండేళ్ల నుంచి చెబుతున్నా. నాన్న వినట్లేదు. నువ్వు చెబితే వింటారు' అన్నాడు. సరేనన్నాను.

ఎనిమిదిన్నరకి తప్పని డ్యూటీ

రైల్వే వాళ్లు స్టేషన్ పేరు విశాఖపట్నం అని మార్చి చాలా ఏళ్లయినా పిన్ని ఇప్పటికీ 'వాల్తేరులో దిగి ఫోన్ చెయ్యి' అంటుంది. దిగేసరికి సన్నటి జల్లు. ఆటోలో పెదవాల్తేరు చేరేలోపే మా అమ్మాయి చెప్పులు తడిసిపోయాయి, మొహం వెలిగిపోయింది.

పిన్నిది 1986లో కట్టుకున్న ఇల్లు. ముందు మూడు గదులు, వెనక పెరడు, ఆ చివర బాత్‌రూమ్. పెరట్లో నూతి పక్కన సంపెంగ చెట్టు ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిమీద పడినప్పుడు అది కూలిపోయింది. ఆ ఒక్కరోజులో విశాఖలో కూలిన చెట్లకి లెక్కే లేదంటారు బాబాయి.

లెక్కలంటే ఆయనకి ప్రాణం. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. పెరటి మధ్యలో ఒక వర్షమాపకం పెట్టుకున్నారు. పైన గరాటు, లోపల నీళ్లు పట్టే పాత్ర, అంతే. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఆ నీళ్లని గీతలున్న గాజు గొట్టంలో పోసి కొలుస్తారు. వాతావరణ శాఖ కూడా దేశమంతటా 24 గంటల వానని లెక్కకట్టేది ఉదయం ఎనిమిదిన్నరకే. బాబాయి ఆ అంకెని నోట్‌బుక్కులో రాసుకుంటారు. ఇల్లు కట్టిన ఏడాది నుంచీ రాసిన పుస్తకాలన్నీ బీరువాలో వరుసగా ఉన్నాయి. జ్వరమొచ్చిన రోజుల్లో పిన్ని చేతిరాత ఉంటుంది.

ఆ రోజు కాఫీలు అయ్యాక హుద్‌హుద్ నాటి పేజీ తీసి చూశాను. తుపానుకి గరాటు ఎగిరిపోయిందట. అంకె రాయాల్సిన చోట 'కొలత లేదు. ఇంట్లో అందరం క్షేమం' అని ఉంది.

తమ్ముడి మాట ఎత్తకముందే బాబాయి ఆ సంగతి తనే కదిపారు. 'ఇల్లిచ్చేస్తే ఇది ఎక్కడ పెట్టను?' అన్నారు వర్షమాపకం చూపించి. పిన్ని లోపల్నుంచే అందుకుంది. 'మీ లెక్క తప్పొస్తోందని మీరే అంటున్నారుగా!'

అదీ నిజమే. చుట్టుపక్కల గోడలు, చెట్లు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెట్టింపు దూరంలో వర్షమాపకం ఉండాలి. లేకపోతే గాలివాటుకి వచ్చే జల్లు అందులో సరిగ్గా పడదు. ఇప్పుడు ఇంటికి మూడు పక్కలా అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి. యాభై అడుగుల గోడకి వంద అడుగుల దూరం కావాలి. పెరడంతా కొలిచినా ముప్ఫై అడుగులు లేదు. బాబాయికి ఇది అందరికంటే బాగా తెలుసు. అపార్ట్‌మెంట్లు లేచిన రోజుల నుంచీ ప్రతి పేజీ అడుగునా 'మూడు పక్కలా అడ్డు ఉంది' అని రాస్తున్నారు. రాస్తూనే కొలుస్తున్నారు.

'తప్పైనా ఒకేలా తప్పైతే పోల్చుకోవచ్చమ్మా' అన్నారు నాతో. ఆ మాటకి నా రాయబారం ఆ పూటకి వాయిదా పడింది.

రాత్రి రెండింటికి టార్చిలైటు

ఆ రాత్రి మొదలైంది అసలు వాన! కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే రెండింటికి మెలకువ వచ్చింది. కరెంటు లేదు. పెరట్లో టార్చి వెలుగు కదులుతోంది. దొంగేమోనని గుండె జల్లుమంది. చూస్తే పిన్ని! ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో టార్చి, చీర కుచ్చిళ్లు నడుములోకి దోపుకుని, పాకుడు పట్టిన నాపరాళ్ల మీద ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ బాత్‌రూమ్‌కి వెళ్తోంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులు. నేను గొడుగు కోసం వెతుక్కునేలోపే తిరిగి వచ్చేసింది.

'రాత్రికి ఎన్నిసార్లు వెళ్తావు పిన్నీ?'

'రెండు, మూడు. షుగరు కదే. అలవాటైపోయిందిలే, పడుకో' అంది తల తుడుచుకుంటూ.

వేసవి సెలవుల్లో ఎన్నిసార్లు వచ్చానో ఆ ఇంటికి! పొడి రాళ్ల మీద చకచకా నడిచే పిన్నినే చూశాను. ఆ పెరడు వానలో ఎలా ఉంటుందో వానాకాలంలో వస్తేనే కదా తెలిసేది!

పొద్దున కొలత చూసే పని మా అమ్మాయికి అప్పగించారు బాబాయి. 50 మిల్లీమీటర్లు! 'అంటే ఎన్ని నీళ్లు తాతయ్యా?' అంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. మన డాబా వంద చదరపు మీటర్లు ఉంటుందనుకో, 120 గజాలన్నమాట. అప్పుడు 50 మిల్లీమీటర్లకి అయిదు వేల లీటర్లు. 'అయితే మా అపార్ట్‌మెంటుకొచ్చే వాటర్ ట్యాంకరంత!' అని నోరు తెరిచింది హైదరాబాద్ పిల్ల. డబ్బులిచ్చి కొనే ట్యాంకరు రాత్రికి రాత్రి డాబా మీద పడి కాలవలోకి పోయిందంటే ఆశ్చర్యం కాక మరేమిటి!

నడిచే ఇసుక... కదిలిన యూనివర్సిటీ

ఆదివారం మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చింది. బాబాయి మమ్మల్ని బీచ్‌రోడ్డుకి తీసుకెళ్లారు. వానాకాలపు సముద్రం క్యాలెండర్లో బొమ్మలా నీలంగా ఉండదు. ఒడ్డున బురద రంగు, దూరంగా బూడిద రంగు. ఒకదాని మీద ఒకటి విరిగే అలలు. దిగడానికి వీల్లేదు, చూడటానికి మాత్రం చాలదు! కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటూ నిలబడ్డాం.

'ఈ ఇసుక నడుస్తుంది తెలుసా?' అన్నారు బాబాయి మా అమ్మాయితో. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డు వెంబడి ఇసుకని ఉత్తరానికి తోసుకుపోతాయి. చలికాలంలో కొంత వెనక్కొస్తుంది. మొత్తమ్మీద పోయేదే ఎక్కువ. ఆ లోటు తీర్చడానికి దక్షిణం నుంచి రావాల్సిన ఇసుకేమో పోర్టు కోసం సముద్రంలోకి కట్టిన గోడ దగ్గర ఆగిపోతుంది. అందుకే అక్కడ డ్రెడ్జర్లతో ఇసుక తోడి ఇటు బీచ్‌లో పోస్తుంటారు. అదొక తరగని పని.

తిరిగొచ్చేటప్పుడు యూనివర్సిటీ మీదుగా వచ్చాం. తడిసిన చెట్లు, ఖాళీ రోడ్లు, హాస్టల్ వరండాల్లో ఆరేసిన బట్టలు... వానలో క్యాంపస్ అందమే వేరు. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో మొదలైంది ఇక్కడ కాదు, బెజవాడలో. 1930లో వాల్తేరు వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలో యూనివర్సిటీని కొన్నాళ్లు గుంటూరుకి తరలించి, మళ్లీ ఇక్కడికే తెచ్చారు. 1950ల్లో లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి, మన అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని శోధించారు. తనకి పని నేర్పిన పెద్దలు ఆ తరం దగ్గర చదువుకున్నవాళ్లేనని బాబాయికి గర్వం.

రాత్రి భోజనాల దగ్గర ఈ కబుర్లన్నీ పిన్నికి చెప్పింది మా అమ్మాయి. ఆవిడ పప్పు వడ్డిస్తూ నవ్వింది. 'మనవాడిని కూడా డ్రెడ్జరు పెట్టి తోడి తెచ్చుకోవాలేమో! అయినా అంత పెద్ద యూనివర్సిటీయే ఊళ్లు మారి బతికింది. మీ బాబాయి మాత్రం గరాటు జరపనంటారు' అంది. బాబాయి వినపడనట్టు మజ్జిగ పోసుకున్నారు.

నెత్తళ్లు శుభ్రం చేస్తూ...

సోమవారం మళ్లీ ముసురు. సింహాచలం వెళ్దామనుకున్నది మానేశాం. పెదజాలారిపేట నుంచి చేపలామె గంప మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ తర్వాత బోట్లు వెళ్లి నెల దాటింది. 'ఏటమ్మా, కూతురొచ్చినాదా? నెత్తళ్లు సూడు, ఎలగున్నాయో!' అంటూ బేరం లేకుండా రెండు కుప్పలు పళ్లెంలో పోసింది. డబ్బులు వచ్చే వారం ఇచ్చినా ఫర్వాలేదట. ఇరవై ఏళ్ల ఖాతా!

నెత్తళ్లు శుభ్రం చేయడమంటే తెలుసుగా! ఒక్కొక్కటీ వేలెడు కూడా ఉండదు. కిలో చేపలకి గంట పడుతుంది. ఆ గంటలో పిన్ని నోరు విప్పింది. నేను అడిగింది ఒకటే మాట. 'నీకేం కావాలి పిన్నీ?'

చాలాసేపు చేపల మీంచి కళ్లెత్తలేదు. 'ఆ మాట ఎవరూ అడగలేదే' అంది. 'వాడేమో అమెరికా అంటాడు. అక్కడ మంచు, నాలుగ్గోడలు. ఈయనేమో గరాటు అంటారు. మధ్యలో బిల్డరు. ఇల్లు ఇవ్వాలా, వద్దా అని రెండేళ్లుగా ఒకటే చర్చ. ఇల్లిచ్చేసేదైతే దానికి ఖర్చెందుకని ఇంట్లో ఒక్క మేకు కొట్టనివ్వరు. నాకు కావాల్సింది పడగ్గదికి ఆనుకుని ఒక బాత్‌రూమ్. పట్టుకోవడానికి గోడకి ఒక కడ్డీ. కిందటి వానాకాలంలో ఒకసారి జారాను. ఎవరికీ చెప్పలేదు.'

వంటింట్లో కాసేపు వాన చప్పుడే మిగిలింది.

గుమ్మం దగ్గర బాబాయి నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలీదు. 'ఏ రోజు?' అన్నారు. పిన్ని చెప్పలేదు. ఆయన బీరువా దగ్గరికెళ్లి కిందటేటి పుస్తకం తీశారు. ఆగస్టు పేజీలు తిప్పుతూ చాలాసేపు కూర్చున్నారు. తర్వాత టేపు పట్టుకుని పడగ్గది వెనక గోడ కొలవడం మొదలుపెట్టారు. టేపు రెండో కొస మా అమ్మాయి పట్టుకుంది.

ఆ సాయంత్రం రైలెక్కేముందు తమ్ముడికి ఫోన్ చేశాను. బిల్డరు సంగతి సంక్రాంతికి వాడే వచ్చి తేల్చుకుంటాడు. అప్పటిదాకా ఇల్లు ఇల్లే. 'ముందు బాత్‌రూమ్ కట్టించురా' అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. 'నాకెప్పుడూ చెప్పలేదక్కా' అన్నాడు. వీడియో కాల్‌లో వాడికి కనపడేది హాల్లో సోఫా, వెనక గోడ గడియారం. పెరడు కనపడదు కదా!

మన ఊళ్లలో ఇలాంటి ఇళ్లు ఇంటికొకటి ఉన్నాయి. పిల్లలు దూరంగా, పెద్దలు పాతింట్లో. చర్చంతా ఆస్తి గురించి, వీసా గురించి. మెట్టు ఎత్తు, నేల జారుడు, రాత్రి దీపం... వీటి గురించి పెద్దవాళ్లు తమంతట తాము చెప్పరు. చెబితే ఎక్కడ ఇల్లు కదిలిస్తారోనని భయం. పోటీపడి ఊళ్లు చుట్టే వేసవి సెలవుల్లో ఆ మాటలకి తీరికే ఉండదు. ఎటూ కదలనివ్వని ముసురు పట్టినప్పుడు, చేతిలో ఏదో చిన్న పని ఉన్నప్పుడు బయటికొస్తాయి. ఈ వానాకాలం అయిపోయేలోపు మీరూ ఓ మూడు రోజులు అలా వెళ్లి రండి. రాత్రి ఒకసారి లేచి చూడండి.

పిన్నింట్లో పని నెల రోజుల్లో పూర్తయింది. తెల్ల టైల్స్, గరుకు నేల, గోడకి స్టీలు కడ్డీ. రోజూ ఎనిమిదిన్నర దాటగానే మా అమ్మాయి స్కూలు ఆటోలోంచే తాతయ్యకి ఫోన్ చేసి అంకె అడుగుతుంది. మొన్నోరోజు ఫోన్ పిన్ని ఎత్తింది.

'రాత్రి 62 మిల్లీమీటర్లు పడిందట. మీ తాతయ్య రాసుకుంటున్నారు. నాకైతే వాన పడినట్టే తెలీదు తల్లీ' అంది.