దూరపు స్టేషన్ కబురు

అభిరుచి కోసం నడిపే హామ్ రేడియోలో దూరపు స్టేషన్‌ను డీఎక్స్ అంటారు. అది వినబడగానే విన్నవారు తోటి హామ్‌లకు చేరవేసే కబురు స్పాట్. విన్నదెవరు, ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), ఎన్ని గంటలకు అన్నవే అందులో ఉంటాయి. చాలా హామ్ గదుల్లో సెట్ పక్కనున్న కంప్యూటర్ తెర మీద ఈ స్పాట్‌ల వరసలు ఒకదాని కింద ఒకటి పడుతూనే కనిపిస్తాయి.

“14195.0” అని మొదలై, కాల్‌సైన్ తర్వాత “అప్ 5”, “1530జడ్” అని ఉన్న వరసను చూద్దాం. ఆ స్టేషన్ 14.195 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతూ, జవాబులను 5 కిలోహెర్ట్జ్ పైన వింటోంది. వేళ గ్రీనిచ్ లెక్కలో 15:30, అంటే మనకు రాత్రి తొమ్మిది. “అప్ 5” గమనించకుండా పిలిచేవారు ఆ స్టేషన్ గొంతు మీదే పడి, తమకూ ఇతరులకూ అది వినబడకుండా చేస్తారు. కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం తప్పుగా రాసినా వందల మంది లేని స్టేషన్ కోసం వెతుకుతారు. అందుకే తన చెవితో విన్నదే స్పాట్‌గా పెట్టాలన్నది ఈ వ్యాపకంలో పెద్ద మర్యాద.

పూర్వం ఈ కబుర్లు ఫోన్లలోనూ పోస్టులో వచ్చే బులెటిన్లలోనూ నడిచేవి. 1980లలో అమెరికా హామ్ డిక్ న్యూవెల్ రాసిన ప్యాకెట్‌క్లస్టర్ ప్రోగ్రామ్‌తో అవి కంప్యూటర్ల మధ్య రేడియో మీదే ప్రయాణించాయి. తర్వాత ఇంటర్నెట్ ఆ క్లస్టర్లను ప్రపంచమంతా కలిపింది.

తెలుగువారికి ఇందులో గర్వించదగ్గ ఘట్టం ఒకటుంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ప్రసారం చేసింది. హామ్‌ల లెక్కలో అండమాన్ నికోబార్ దీవులు విడిగా ఒక దేశం కింద వస్తాయి. 1987 తర్వాత అప్పటిదాకా అక్కడి నుంచి హామ్ స్వరం వినబడలేదు. అందుకే ఆ కాల్‌సైన్ కోసం ప్రపంచం నలుమూలల హామ్‌లు కాచుకుని కూర్చున్నారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. దూరపు స్టేషన్ వేటకు సిద్ధం చేసుకున్న ఆ సెట్లే దీవుల్లో చిక్కుకున్నవారి క్షేమసమాచారాన్ని బయటి ప్రపంచానికి అందించాయి. రోజూ వినడం, వెంటనే చెప్పడం అలవాటైన చేతులు కాబట్టే ఆ పూట తడబడలేదు.

ఇప్పుడు వినే పనిని యంత్రాలూ పంచుకుంటున్నాయి. రివర్స్ బీకన్ నెట్‌వర్క్‌లోని రిసీవర్లు మోర్స్ సంకేతాలను వాటంతటవే చదివి స్పాట్‌లు పెడతాయి. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో 15 సెకన్లకో విడత సంకేతం వెళుతుంది. చెవికి అందని బలహీన సంకేతాన్ని కూడా కంప్యూటర్ పట్టి, ఎక్కడ వినబడిందో పీఎస్‌కే రిపోర్టర్ అనే వెబ్‌సైట్ పటం మీద చూపుతుంది. ఆ పద్ధతి రూపకర్తల్లో ఒకరైన జో టేలర్ 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త.

ఆ పటానికి ఊళ్ల అవసరం ఉంది. జర్మనీలో వినబడిన స్టేషన్ అదే నిమిషంలో నంద్యాలలో వినబడాలని లేదు. వాతావరణపు పైపొరల్లోని అయనోస్ఫియర్ రేడియో తరంగాన్ని ఎక్కడ వంచి దింపితే అది అక్కడే అందుతుంది. కాబట్టి దగ్గర్లో విన్నవారి మాటకే ఎక్కువ విలువ. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోని కొత్తపల్లె హామ్‌ల పటంలో ఎంకే95 గడిలోకి వస్తుంది, హైదరాబాదుది ఎంకే97. కరెంటు పరికరాల గోల తక్కువగా ఉండే ఇలాంటి పల్లెలో రెండు చెట్ల మధ్య తీగ కట్టి రిసీవర్ పెడితే, నగరంలో రొద కింద మునిగిపోయే సంకేతం కూడా పైకి తేలుతుంది. ప్రసారం చేయడానికి మాత్రం కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి.