అలీబాగ్ తెల్ల ఉల్లి

ముంబయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా వద్ద లాంచీ ఎక్కినవారు సుమారు గంటసేపటికి మాండ్వా రేవులో దిగుతారు. అక్కడినుండి అలీబాగ్ దారి కొబ్బరితోటల మధ్యగా సాగుతుంది. యాత్రికులలో అధిక సంఖ్యాకులు సముద్రతీరం కోసమో, ఆటు సమయంలో నడిచి చేరదగిన కొలాబా కోట కోసమో, మరాఠా నౌకాధిపతి కన్హోజీ ఆంగ్రే సమాధి దర్శనానికో వస్తారు. కాని మార్చి, ఏప్రిల్ మాసాలలో వచ్చినవారి చూపు వీటన్నిటికంటె ముందు బాట పక్కన వేలాడే తెల్లని జడల మీద పడుతుంది. అవి పూలజడలు కావు, ఉల్లిజడలు.

రాయగఢ్ జిల్లాలోని ఈ తాలూకాలో, కార్లే, ఖండాలే మొదలైన గ్రామాలలో, వరి కోసిన మళ్ళలోనే ఈ ఉల్లి పండుతుంది. వానకారు పంట ఇంటికి చేరిన పిమ్మట, నేలలో మిగిలిన తేమను ఆసరా చేసుకొని రైతులు నారు నాటుతారు. ఫిబ్రవరి నుండి గడ్డలు తవ్వడం ఆరంభమవుతుంది. ఆకులను కోసివేయరు. కొంత వాడనిచ్చి, స్త్రీలు నేలమీద కూర్చుండి ఆ ఆకులనే పాయలు తీసి, గడ్డ వెంట గడ్డ చేర్చి జడ అల్లుతారు. చూడ ముచ్చటగా ఉన్నా ఇది అలంకారం కాదు. గోతాములో కుక్కితే ఉక్కకు కుళ్ళే సరుకును దూలానికి వేలాడగడితే గాలి సోకి చాలకాలం నిలుస్తుంది.

పచ్చిగా కొరికినా కంట నీరు రాదు. దీనిలో చక్కెర అధికమని అనుకోవడం పొరపాటు. ఉల్లి నేలలోని గంధకాన్ని పీల్చి కణాలలో దాచుకొంటుంది. కత్తి తగలగానే కణాలు చిట్లి, ఎంజైముల ప్రభావంతో కళ్ళు మండించే వాయువు పుడుతుంది. ఆ గంధక పదార్థాలు తక్కువైన గడ్డలో, ఉన్న కొద్ది తీపే నాలుకకు తేటగా తెలుస్తుంది. కొంకణ ప్రాంతంలో బియ్యపు భాక్రీ, వేయించిన చేప, పక్కన ఈ ఉల్లి చక్రాలు ఉంటే భోజనం సంపూర్ణం. తల్లి చేయని మేలు ఉల్లి చేస్తుందని తెలుగు సామెత. మేలు మాట వైద్యులకు వదిలినా, ఇంతటి ఉల్లిని పులుసులో ఉడికించడం మాత్రం అన్యాయమే.

పేరు ధర తెస్తుంది. ధర నకిలీలను తెస్తుంది. మరెక్కడో పండిన తెల్ల ఉల్లి అలీబాగ్ పేరుతో అమ్ముడుపోవడం ఇక్కడి రైతుల చిరకాల వేదన. అమెరికాలో తీపికి పేరుపడ్డ విడేలియా ఉల్లికీ ఇదే గతి పట్టగా, జార్జియా శాసనసభ 1986లో చట్టం చేసి, 20 కౌంటీల పంటకే ఆ పేరు చెల్లుతుందని హద్దులు గీసింది. అలీబాగ్ ఉల్లికి భౌగోళిక గుర్తింపు 2022లో లభించింది.

అయితే గుర్తింపు పేరును కాపాడగలదే కాని మడిని కాపాడలేదు. 2020 నుండి కార్లను సైతం మోసుకువచ్చే ఓడ ముంబయి, మాండ్వాల మధ్య నడుస్తున్నది. నగర ధనికుల వారాంతపు బంగళాలు తోటల నడుమ లేస్తున్నాయి. ఆ బేరం ముందు ఉల్లిజడ వెల ఏపాటిది? మడి అమ్మిన ఇంట తరతరాల విత్తనానికి చోటు ఉండదు.

కొనదలచినవారు వానలకు ముందే వెళ్ళాలి. జూన్‌లో సముద్రం పోటెత్తితే మాండ్వా లాంచీలు ఆగిపోతాయి. అప్పటికి బాట పక్కన పందిళ్ళూ ఖాళీ అవుతాయి. మళ్ళలో మళ్ళీ వరినారు పోస్తారు.