టీబీ తర్వాత పరుగు

జబ్బు చేసి లేచినవాడికి ఉచిత సలహాలకి కొదవుండదు. ఆరు నెలలు టీబీ మందులు మింగాక డాక్టరుగారు "ఇక నెమ్మదిగా పరుగు మొదలెట్టుకోవచ్చు" అన్నారు. (పేరు చెప్పడానికి సిగ్గెందుకు, ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశానివే.) ఆ సాయంత్రానికే రెండు రకాల సలహాలొచ్చాయి. అమ్మది: "ఆ పరుగుల వల్లే కదరా ఇంతదాకా వచ్చింది, ఇంక చాలు." ఆఫీసు మిత్రులది: "ఏముంది బాస్, రెండు నెలల్లో మళ్ళీ హాఫ్ మారథాన్ కొట్టేస్తావ్." అమ్మది తప్పే. టీబీ గాలిలోంచి వస్తుంది, పరుగులోంచి కాదు. కానీ మిత్రులది అంతకన్నా పెద్ద తప్పు. అమ్మ మాట వింటే కనీసం ప్రాణానికి ముప్పుండదు.

మనవాళ్ళ లెక్క ఏంటంటే, సర్వర్ పడిపోయింది, బాగుచేశారు, పాత బ్యాకప్ ఎక్కించేస్తే ఆగిన చోటునుంచే నడిచిపోతుంది. ఒంటికి అలాంటి బ్యాకప్ లేదు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవయ్యేళ్ళ ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు ఐదుగుర్ని మూడు వారాలు మంచమ్మీదే పడుకోబెట్టి చూశారు. జబ్బు లేదు, మందుల్లేవు, ఉత్త పడక. అంతమాత్రానికే, ఒళ్ళు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ సగటున పావు వంతుకి పైగా పడిపోయింది. గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గిపోతుంది, అందుకని పాత పనికే ఎక్కువసార్లు కొట్టుకోవాల్సొస్తుంది. అదే ఐదుగుర్ని 30 ఏళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షిస్తే, ముప్ఫయ్యేళ్ళ వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల పడక చేసిందే ఎక్కువని తేలింది! ఇక ఊపిరితిత్తుల్లోనే జబ్బు పెట్టుకుని 11 కిలోలు కరిగిపోయిన నాలాంటివాడి సంగతి చెప్పేదేముంది.

నాకు ధైర్యమిచ్చింది కూడా ఆ ప్రయోగమే. యాభై ఏళ్ళొచ్చిన ఆ మనుషులకి ఆరు నెలలపాటు కొద్దికొద్దిగా పెంచుతూ నడక, పరుగు, సైకిలు చేయిస్తే, వయసుతో పోయిందంతా తిరిగొచ్చింది. ఆరు నెలలు, కొద్దికొద్దిగా. ఈ రెండు ముక్కలూ మన ఆఫీసుల్లో ఎవరికీ ఎక్కవు.

ఎక్కకపోవడానికి లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ కూడా ఒక కారణమనుకుంటాను. 1996లో క్యాన్సర్, 1999 నుంచి వరసగా ఏడు టూర్ డి ఫ్రాన్స్‌లు. డోపింగ్ బయటపడి 2012లో ఆ ఏడూ లాగేసుకున్నారనుకోండి, అది వేరే గొడవ. మందుల సంగతి పక్కనపెట్టినా ఆ కథని మనం చెప్పుకునే పద్ధతే సరికాదు. మంచమ్మీంచి లేచాడు, పసుపు జెర్సీ తొడిగాడు, అంతే. మధ్యలో 1998 మార్చిలో పారిస్-నీస్ రేసులో ఉన్నట్టుండి ఆగిపోయి ఇంటికెళ్ళిపోయాడన్న ముక్క ఎవరికీ గుర్తుండదు. నాకు పనికొచ్చేది మాత్రం ఆ ముక్కే.

నా విషయానికొస్తే, పాత ఎక్సెల్ షీటు మూసేసి కొత్తది తెరిచాను. మొదటి వరస: ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక. జబ్బుకి ముందు కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరిగెడితే గుండె 150 కొట్టుకునేది. ఇప్పుడు ఎనిమిది నిమిషాల్లో వెళ్ళినా 172. ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే నడకలోకి దిగిపోతాను. పొద్దున్న లేవగానే నాడి మామూలుకన్నా ఎక్కువుంటే ఆ రోజు బూట్లు ముట్టుకోను.

చెప్పడానికి బాగానే ఉంది గానీ, కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో చీర మీద కాన్వాస్ బూట్లేసుకున్న ఒక పిన్నిగారు నన్ను దాటుకుని వెళ్ళిపోయినప్పుడు కాళ్ళు ఆగవు. పైగా ఆవిడ ఫోన్లో కూరగాయల రేట్లు మాట్లాడుతోంది! వాచీ చూసుకుంటూ, పళ్ళు బిగబట్టుకుని నడవడం నాకు 21 కిలోమీటర్ల కన్నా కష్టంగా ఉంది.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చావా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఇవ్వలేదు. ఆ ఫ్లైఓవర్లు ఎక్కడికీ పోవు. ఈ వారం లెక్క మూడు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఆరుసార్లు. ఆదివారం అమ్మ కూడా వస్తానంటోంది. పరిగెట్టడానికి కాదు, వెనకాల నడుస్తూ నా దగ్గు లెక్కపెట్టడానికట.