బొరుగుల ప్రార్థన

ఏమండీ, కాస్త ఇటు రండి. గోడ మీద నుంచే మాట్లాడుకుందాం, పొయ్యి మీద పప్పుంది. మీ సండే స్కూల్లో ప్రార్థన వేళకి పిల్లలు ఏం చేస్తారో నిజం చెప్పండి! ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో పక్కవాడి జేబులోకి చూస్తారు. అవునా? మా చెన్నూరులోనూ అంతే. ప్రొద్దుటూరుకి పోయినా అంతే, పులివెందులకి పోయినా అంతే.

"కళ్లు మూసుకో, చేతులు కట్టుకో, కదిలితే చూడు!" అని మొదలుపెట్టేది మనమే కదా. ఏడేళ్ల పిల్లోణ్ణి కదలొద్దంటే ఏం న్యాయమబ్బా? బైబిల్లో చూడండి ఎంత సందడో. దావీదు మందసం ముందు గంతులేశాడు. హన్నా పెదవులు మాత్రం కదుపుతుంటే తాగొచ్చిందనుకున్నాడు ఏలీ. యోనాకి చేప కడుపే మందిరం. పేతురైతే మిట్టమధ్యాహ్నం మిద్దె ఎక్కాడు, అదీ కడుపులో ఆకలి పెట్టుకుని.

మన సీమలో మిద్దెలకేం తక్కువ? ఎండ దిగాక పిల్లల్ని మిద్దె మీదికి తోలండి. కనిపించే ఇళ్లను ఒక్కొక్కటే చూపిస్తూ ఆ ఇంటివాళ్ల కోసం ఒక్కో మాట అడగమనండి. ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో జబ్బు, ఎవరి నాయన కువైట్ పోయినాడు, ఎవరి బోరు ఎండిపోయింది, ఆ పిల్లలకి తెలియని సంగతి ఉంటుందా! మనకే సమాచారం దొరుకుతుంది. పిట్టగోడ లేని మిద్దె మాత్రం వద్దండోయ్.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెప్తా. బొరుగుల ప్రార్థన. బయటి దేశాల్లో దీన్నే పాప్‌కార్న్ పేరుతో ఆడిస్తారట. మనకెందుకండీ పాప్‌కార్ను, బొరుగుల బట్టీ చూడని పిల్లలున్నారా ఇక్కడ? కాగిన ఇసుకలో బియ్యం పడగానే ఎలా ఎగురుతాయి? ఒక వరసంటూ ఉండదు. పిల్లలూ అంతే. గుండ్రంగా కూర్చుంటారు, ఒళ్లో తలా ఒక బొరుగుల పొట్లం. ఎవరికి తోస్తే వాళ్లు టపీమని లేచి, ఒక్క మాటలో స్తోత్రం చెప్పి కూలబడాలి. మిగతావాళ్లు గట్టిగా "ఆమెన్!" అని నాలుగు బొరుగులు నోట్లో వేసుకోవచ్చు.

"స్తోత్రం యేసయ్యా, మా బర్రె ఈనింది!" ఆమెన్. "స్తోత్రం, పరీక్షలైపోయినాయి!" ఈ ఆమెన్‌కి రేకుల కప్పు అదురుతుంది. ఇద్దరు ఒకేసారి లేచినా ఏం పరవాలేదు. బిడియంతో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా, నోట్లో ఉన్నది నమిలి మింగి, లేస్తుంది చూడండి! బొరుగుల్లోకి ఉల్లిపాయ, పుట్నాలపొడి కలిపారా, కూటం వదిలిపెట్టి పోయేవాడే ఉండడు.

అన్నట్టు, భాష మీద నాకో ఫిర్యాదుంది. పిల్లోడు లేచి వాడి మాటల్లో వాడు, "దేవా, మా జేజికి మోకాళ్లు నొస్తాండాయి, రొంత చూడు" అంటాడు. ఎంత బాగుంది! వెంటనే వెనక నుంచి ఎవరో ఒక పెద్దమనిషి, "అట్లా కాదు నాయనా, 'మహోన్నతుడవైన దేవా' అని మొదలుపెట్టాల" అంటాడు. ఎందుకయ్యా? గలిలయ జాలరుల మాట అర్థమైనవాడికి కడప మాట అర్థం కాదా? పెద్ద మాటలు పెద్దయ్యాక వాటంతటవే వస్తాయి. జేజి మోకాళ్లు ఇప్పుడే నొస్తున్నాయి.

పరలోక ప్రార్థన సంగతి వేరు. అది అచ్చంగా నేర్పాల్సిందే, ప్రభువు నోటితో చెప్పింది కదా. కానీ అభినయంతో నేర్పండి, ఆ అభినయం పిల్లల్నే కట్టనివ్వండి. ఆ రోజుటి తిండి అడిగే చోట మావాళ్లు సంగటి ముద్ద చేసి చూపిస్తారు. ప్రొద్దుటూరు నుంచి సెలవులకొచ్చిన ఒక బుడ్డోడు కారం దోశ తిప్పాడు! తప్పేముంది, వాడి తిండి అది.

ఐదువేళ్ల ప్రార్థన మీకు తెలిసే ఉంటుంది, చాలా దేశాల్లో నేర్పుతారు. బొటనవేలు గుండెకి దగ్గర, కాబట్టి ఇంట్లోవాళ్లు. చూపుడువేలు దారి చూపే టీచర్లు, డాక్టర్లు, నర్సులు. జమ్మలమడుగు పిల్లలు ఆ వేలు పట్టుకుంటే చాలు, క్యాంబెల్ ఆసుపత్రి పేరు తప్పక వస్తుంది. దాన్ని పెట్టిన లండన్ మిషన్‌వాళ్లు 1822లో కడపలో పని మొదలుపెట్టారు, ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి జమ్మలమడుగులో వైద్యం సాగుతోంది. ఎన్ని తరాలు పుట్టాయండీ ఆ గోడల మధ్య! నడిమివేలు నాయకులకి. పులివెందుల పిల్లలకి ఈ వేలు కొంచెం పొడుగు, ఇద్దరు ముఖ్యమంత్రుల నియోజకవర్గం మరి. ఉంగరపువేలికి బలం తక్కువ, అది జబ్బుపడ్డవాళ్లకి, దిక్కులేనివాళ్లకి. చిట్టచివర చిటికెనవేలు, అది నేను. ఇంకో పుస్తకం అక్కర్లేదు, మరిచిపోతే చెయ్యి చూసుకుంటారు.

ఇక మనకు మాత్రమే ఉన్న భాగ్యం చెప్పనా? కడప బండలు! ఎక్కడెక్కడి వాళ్లో లారీలు పెట్టి తీసుకుపోయే నల్లటి నాపరాయి మన ఇంటింటా నేల. అంతకన్నా పెద్ద పలక ఉందా? పిల్లలకి తలా ఒక సుద్దముక్క, తలా ఒక బండ. చేసిన తప్పు రాయమనండి, రాయడం రానివాళ్లు బొమ్మ వేస్తారు. ఎవరూ తొంగిచూడకూడదు, టీచరు అసలే చూడకూడదు. తర్వాత చెంబుతో నీళ్లు పోసి అరచేత్తో రుద్దాలి. సుద్ద పాలలాగా కారిపోతుంది, బండ నల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు చూసేటప్పుడు పిల్లల ముఖాలు చూడండి. క్షమాపణ గురించి నేను గంట చెప్పినా ఆ చెంబెడు నీళ్లతో సరితూగదు. ఒకడు మళ్లీ సుద్ద అడిగి ఇంకోటి రాశాడు. దాచుకున్నదేదో ఉన్నట్టుంది, పాపం. ఇచ్చేశా.

వేసవిలో వీబీఎస్, అదే వెకేషన్ బైబిల్ స్కూలు, పెట్టేవాళ్లకి ఇవన్నీ బాగా పనికొస్తాయి. ఈ వీబీఎస్ కథ కూడా గమ్మత్తే. 1898లో న్యూయార్కులో ఒక డాక్టరుగారి భార్య ఎలైజా హాస్, సెలవుల్లో వీధుల వెంట తిరిగే పిల్లల కోసం ఒక సారాదుకాణం అద్దెకి తీసుకుని బడి నడిపిందట! అంతకు నూరేళ్ల పైచిలుకు ముందు, 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు పెట్టినప్పుడు కూడా, వారమంతా పనికి పోయే పేదపిల్లలు ఆదివారం నాడైనా చదువుకోవాలనే. చాపలు, ఏసీలు ఉన్నాయా అని చూసుకుని మొదలుపెట్టలేదు వాళ్లు.

ఇంకొకటి. వినే ప్రార్థన. సమూయేలు కథ చెప్పి, పిల్లల్ని చాపల మీద పడుకోబెట్టి, కాసేపు చెవులు మాత్రం తెరిచి ఉంచమనండి. మొదట కర్నూలు రోడ్డు మీద లారీలు వినిపిస్తాయి. తర్వాత కుక్క. తర్వాత ఒకడికి గురక కూడా వస్తుంది, రానివ్వండి. దేవుడు పిలిచినప్పుడు సమూయేలు కూడా పడుకునే కదా ఉన్నాడు.

నూలుండ సంగతి మరిచేపోయా! మగ్గాల చప్పుడు తెలిసిన ప్రాంతం మనది. ఒకరు నూలు కొస పట్టుకుని ఒక పేరు చెప్పి, ఉండని ఎదుటివాళ్లకి విసరాలి. వాళ్లు ఆ పేరు కోసం ఒక ముక్క ప్రార్థించి, ఇంకో పేరుతో ఇంకొకరికి. చూస్తుండగానే మధ్యలో పెద్ద వల. మొన్న ఒక పాప "మా అమ్మ" అని ఊరుకుంది. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి పోయింది, అందరికీ తెలుసు. ఉండ అందుకున్న పిల్లోడు ఆ పాపతో రోజూ కొట్లాడేవాడే. "యేసయ్యా, ఈళ్లమ్మకి ఈసారి క్రిస్మస్‌కి లీవు ఇప్పియ్యి" అన్నాడు. ఎంత సూటిగా అడిగాడండీ! అది మొత్తం ఎవరిదో సెల్లులో రికార్డు చేసి ఆ అమ్మకి పంపాం. రాత్రికే వాయిస్ మెసేజ్ వచ్చింది, సగం ఏడుపు, సగం నవ్వు, చివర్లో ఆ పిల్లోడి పేరు కనుక్కుని వాడి కోసం తనూ ప్రార్థన చేసింది.

ఇదిగో, నూలుండ కొనేటప్పుడు లావు నూలు తీసుకోండి. సన్నది చిక్కుపడితే విప్పలేక చస్తారు. రంగుదైతే పిల్లలకి ఇంకా సరదా. అమ్మో, పప్పు మాడు వాసన వస్తోంది, వస్తానండీ. ఆదివారం మీ పిల్లల్ని ఇటు పంపండి, బొరుగులు నావి, ఉల్లిపాయలు మీవి!