తొలిపందెము

ఫుట్‌బాలు ముచ్చట స్త్రీల పత్రికలో నేల యని కొందఱు సోదరీమణు లడుగవచ్చును. మా హైదరాబాదు జట్టు ఆ యేటి తొలిపందెమునకు దిగునాఁడు మా యింట నెవ్వరికిని కాలు నిలిచెడిది కాదు; అందుచే వ్రాయుచున్నాను.

ఇండియన్ సూపర్ లీగునందు హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు మొట్టమొదటి పందెము 2019 అక్టోబరులో కలకత్తాయందు జరిగెను. వారు అయిదు గోలులు వేసిరి, మనవా రొక్కటియు వేయలేదు. ఆ యేఁడు పట్టికలో మనదే కడపటి స్థానము. నాఁటినుండి మా యత్తగారు తొలియోటమి అపశకునమనెడివారు. నేనందుకు సమ్మతింపను. 2021 నవంబరులో మనవారు తొలిపందెమున చెన్నై జట్టుచేత ఒక్క గోలుతో నోడిరి. 2022 మార్చి 20వ తేదిని గోవాలో కప్పు గెలిచినదియు వారే! ఆనాఁడు 88వ నిమిషమునఁ గాని సమముచేసిన గోలు రాలేదు. పిదప కేరళవారి పెనాల్టీలు మూఁటిని మన గోలుకీపరు కట్టిమని యాపెను. కావున తొలినాఁడు నేను గోలుల లెక్క చూచెడిదానను కాను. కడపటి పది నిమిషములలో మనవారి కాళ్లలో పరు గింకను గలదా యనియే చూచెడిదానను.

2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకొనెను. మావాఁడు, “అమ్మా, ఢిల్లీ జట్టునే మనదనుకొందము” అనుచున్నాఁడు. ఊరును పేరును మాఱిన పిమ్మట మనదనుట కేమి మిగిలెను? నా పసుపుపచ్చ కండువా పెట్టెలోనే యున్నది. ఆ లీగునకు మన నగరమునుండి మరల నొక జట్టు వచ్చెనేని, తొలిపందెమున నోడినను సరే, దానిని కప్పుకొని గచ్చిబౌలి మైదానమునకుఁ బోయెదను.